మా గ్రామసభను అడిగారా, ప్రొఫెసర్ గారూ?

అమెరికాలోనో లండన్‌లోనో స్థిరపడిన మన దేశపు పరిశోధకులు సెలవుల్లో ఏజెన్సీకి వస్తారు. "నేనూ ఇక్కడివాణ్నే, నా సొంత దేశం మీదే నా పరిశోధన" అంటారు. దేశం మీదే సార్, కాదనం. కానీ హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పుట్టినంత మాత్రాన ఉట్నూరు, చింతూరు, పాడేరు మీ సొంతూళ్లు అయిపోవు. మా భాషలో మంచినీళ్లు అడగడం రానోళ్లు అక్కడి సదస్సుల్లో మా గొంతు మేమే అంటే ఎట్లా?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క సంగతి గమనించండి. వీళ్లు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుంటారు. ఓసీఐ కార్డున్న వాళ్లయితే, 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం పరిశోధనకు భారత ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కూడా కావాలి. వాటికి ఎన్ని ఫారాలైనా నింపుతారు. మరి గ్రామసభను అడిగినోళ్లు ఎంతమంది? మీ ఊరి పెద్దల్ని అడిగి చూడండి.

1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) ప్రకారం మన సంప్రదాయాలు, సాంస్కృతిక గుర్తింపు, ఉమ్మడి వనరులు కాపాడుకునే అధికారం గ్రామసభది. పాట, మందు చెట్టు, భూమి కథ ఒక్కరి సొత్తు కాదు, ఊరి సొత్తు. ఒక తాతతో వేలిముద్ర వేయించుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు కాదు.

"అయితే విదేశాల్లో ఉన్నోళ్లు రాయొద్దా?" అంటారు. రాయండి. ఇక్కడ భయపడి రాయలేని నిజాలు అక్కడినుంచి రాయొచ్చు. పాస్‌పోర్టుతో మాకు పేచీ లేదు. హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్తుడు, నిజాం సర్కారు సలహాదారు. ఐనా గోండుల పట్టాల కోసం, మార్లవాయి బడి కోసం పనిచేశాడు. అందుకే ఆయన సమాధి ఇవాళ మార్లవాయిలో ఉంది. కానీ ఆయన ఫొటోలు, ఫీల్డు నోట్సు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. మన తాతల ముఖాలకు తాళం అక్కడుంది. అంత చేసినాయన విషయంలోనే ఇట్లయితే, నెల రోజులుండి పోయేవాళ్ల సంగతి చెప్పాలా?

దక్షిణాఫ్రికాలో సాన్ ఆదివాసులు 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాశారు. మనకు చట్టమే ఉంది, తీర్మానం చేయడమే మిగిలింది. ముందు గ్రామసభ అనుమతి. రికార్డింగుల కాపీ ఊళ్లోనే ఉండాలి. అచ్చు వేసే ముందు రాసింది మనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. దారి చూపి, మాట తర్జుమా చేసిన మన పిల్లల పేర్లు కృతజ్ఞతల పేజీలో కాదు, రచయితల వరసలో ఉండాలి.

మా ఊళ్లో మా రాజ్యం అన్నాం. మా కథ మీద కూడా మా రాజ్యమే.

జోహార్!