కుడ్యచిత్రములో కూలివారు

ఇటలీదేశమున పీసాపట్టణపు శ్మశానమందిరములో, 1468 మొదలు 1484 వఱకు, బెనొజ్జో గొజ్జోలి యను చిత్రకారుడు గోడలమీద బైబిలు పూర్వకథలను వ్రాసెను. అందొకటి బాబెలు గోపురనిర్మాణము. ఆకాశము నంటునట్లు గోపురము కట్టబూనిన జనుల భాషలను దైవము తాఱుమాఱు చేయగా పని నిలిచిపోయెనని కథ. 1944లో యుద్ధాగ్నిచే ఆ గోడలు మిక్కిలి చెడినవి గాని, పూర్వము తీసిన ఛాయాపటములవలన చిత్రము తెలియుచున్నది. నడుమ మేస్త్రీలు, కూలీలు. చుట్టును మేలివస్త్రములు దాల్చి చూచుచున్న పెద్దమనుష్యులు.

వీరెవరు? ఫ్లారెన్సునందు పెత్తనము నెఱపిన మెడిచీ వంశపు కొసిమో, అతని కుమారుడు పియెరో, మనుమలు లొరెంజో, జూలియానోలని చెప్పుదురు. బాబెలెక్కడ, వీరెక్కడ! అయినను పీసా అప్పుడు ఫ్లారెన్సు చేతిలోనిదే. లేపాక్షి పైకప్పున గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణలు పరివారముతో నిలువలేదా? ధనికుని ముఖము పురాణమున దూఱుట మనకును కొత్తకాదు.

అయితే పేరుగల ముఖముకొఱకే వెదకు వ్యాఖ్యాతలు మోసపోవుటయు కలదు. మన నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున అజంతాచిత్రముల ప్రతులున్నవి. ఆ అజంతా మొదటి గుహలో విదేశవేషధారులు కానుకలతో రాజసభకు వచ్చు చిత్రమొకటి కలదు. అది పులకేశి కొలువునకు పారసీక రాయబారము వచ్చిన ఘట్టమని 1879లో ఫెర్గుసను వ్రాసెను. పిమ్మట ఎందఱో అదే పాడిరి. ఆ గుహ పులకేశికి నూఱేండ్లకు పైగా పూర్వపుదనియు, చిత్రము బౌద్ధకథయే యనియు తరువాతి పండితు లనేకులు నిర్ణయించిరి. రాజు కనబడవలెనన్న కోరికయే అక్కడ రాజును చూపినది.

మేము మొదట చూచునవి చేతులు. ఎవరు వంగియున్నారు, ఎవరు మోయుచున్నారు, ఎవరు ఊరక నిలిచియున్నారు? ఇంతమాత్రము చూచిన చిన్నపిల్లలును చిత్రమును చదువగలరు. ఆబిడ్సునకు అచ్చట అంగడి నడపిన వర్తకుడు ఆబిడు పేరు నిలిచినది. ఆ వీధిలో మేడలు లేచునప్పుడు పాలమూరినుండి వచ్చి, బిడ్డను ఇసుకకుప్పపై పండబెట్టి తట్ట మోసిన తల్లి పేర ఒక సందైనను లేదు.

ఇంకొక మాట. ఇటలీవారి ఈ విద్యలో సున్నపుపూత తడియారకమునుపే రంగు వేయవలెను. అందుచే ఆ దినమున వ్రాయగలిగినంత మేరకే ప్రొద్దుట పూత పూయుదురు. మఱునాటి పూత దానికి అతుకుగా వచ్చును. ఆ అతుకుల ననుసరించియే చిత్రము ఎన్నిదినముల పనియో నిపుణులు లెక్క కట్టుదురు. గోపురముమీద కూలివారిని వ్రాయుచున్న గొజ్జోలి ప్రక్కనే, తాపీ చేతబట్టి నిజమైన మేస్త్రీ యొకడు నిలిచియుండవలెను.