పాత సైకిలుకు రంగు వేయించే ముందు ఫోర్కు విప్పి చూడండి

తాతల నాటి సైకిళ్లు అటకల మీది నుంచీ, పశువుల కొట్టాల నుంచీ మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. ఇంగ్లండులో పుట్టిన ర్యాలీ, మద్రాసులో తయారైన హెర్క్యులిస్, ఉత్తరాది అట్లాస్. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020లో మూతపడింది కాబట్టి ఆ పేరున్న బండి మీద మమకారం పెరగడం సహజమే. తుప్పు గీకించి, నల్లరంగు కొట్టించి, రిమ్ములకు మెరుగు పెట్టించి మనవడి చేతికిస్తున్నారు. ఆ ముచ్చట మంచిదే. అయితే రంగు పడ్డాక పగులు కనబడదు. అందుకే రంగు డబ్బా మూత తీయకముందే ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

వెనక భాగంలో ఏది పాడైనా సాధారణంగా బండి ఆగుతుంది. ముందు ఫోర్కు గానీ, హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ గానీ విరిగితే మనిషి ముఖం రోడ్డుకు తగులుతుంది. చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు.

"ఇన్నేళ్లు మోసింది, ఇప్పుడేమవుతుంది?" అని అడిగే పెద్దలున్నారు. ఇన్నేళ్లు మోయడమే అసలు భయం. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఎందరో చనిపోయారు. రోజూ మోసే బరువునే మోస్తూ మోస్తూ లోహం అలసిపోతుందనీ, వెంట్రుకంత పగులు రోజురోజుకూ లోపలికి పాకుతుందనీ ఆ తరవాతి దశాబ్దాల్లో వోలర్ అనే జర్మన్ ఇంజినీరు రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి తేల్చాడు. మన పాత సైకిళ్లు పాలక్యాన్లు మోశాయి, గడ్డిమోపులు మోశాయి, కడ్డీ మీద ఒకరినీ క్యారేజీ మీద ఇద్దరినీ మోశాయి. ఆ లెక్క ఎక్కడా రాసి ఉండదు.

స్టీలుకు ఒక హద్దు ఉంది. ఒత్తిడి ఆ హద్దు దాటనంత కాలం దాదాపు ఎన్నిసార్లయినా ఓర్చుకుంటుంది. తుప్పు తిని గుంటలు పడితే ఆ హద్దు పోతుంది. అల్యూమినియానికి అసలు ఆ హద్దే లేదు. 1960, 70లలో ఫ్రాన్స్‌లో తయారైన ఆవా కంపెనీ అల్యూమినియం స్టెమ్‌లు అడుగున చీలిక దగ్గర పగిలి అపకీర్తి పాలయ్యాయి. ఇంగ్లండులో తయారైన లాంబర్ట్, వైకౌంట్ సైకిళ్ల అల్యూమినియం ఫోర్కులను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. విదేశాల్లో చదువుకుంటూ చవగ్గా పాత రేసింగ్ సైకిల్ కొనే మన పిల్లలకు ఈ పేర్లు తెలియాలి. పగులు కనిపించిన అల్యూమినియం భాగానికి మరమ్మతు లేదు. వంగినదాన్ని తిరిగి సాపు చేయకూడదు.

ఇక చూడాల్సిన తీరు. ముందు చక్రం తీసి, ఫోర్కును ఫ్రేము నుంచి పూర్తిగా బయటికి లాగించండి. పగులు దాక్కునేది ఫోర్కు కాళ్లు రెండూ కలిసే కిరీటం పైన, నిలువు గొట్టం మొదట్లో. బండికి బిగించి ఉండగా అది ఎంత తెలివైన మెకానిక్కుకూ కనబడదు. పక్క నుంచి చూసినప్పుడు కాళ్లు వెనక్కి నెట్టినట్టుంటే, హ్యాండిలు కింద ఫ్రేము గొట్టాల అడుగున రంగు ముడతలు పడి ఉంటే, ఆ బండి ఎప్పుడో దేన్నో గుద్దింది.

అనుమానం వచ్చిన చోట రంగు, జిడ్డు పూర్తిగా తీసి కొన్ని గంటలు కిరోసిన్‌లో నానబెట్టండి. పొడిగా తుడిచి సుద్దపొడి రాయండి. పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి గీతగా తేలుతుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులను ఇలాగే నూనె, సుద్దలతో చూసేవారు. గీత కనిపిస్తే ఆ భాగం పని అయిపోయినట్టే. గీత రాలేదని మాత్రం పూర్తిగా నిశ్చింత పడకండి, పైకి తెరుచుకోని పగులును సుద్ద పట్టుకోలేదు. క్రాంకులో పెడల్ బిగించే రంధ్రం చుట్టూ, క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను దిగే రంధ్రం చుట్టూ కూడా ఇదే పరీక్ష చేయండి. తొక్కుతుంటే ప్రతి చుట్టుకూ టక్కుమంటే పిన్ను అరిగిందో వదులైందో అని అర్థం. మార్చేదాకా ఎక్కవద్దు.

బ్రేకు రబ్బరు మీద గోరు నొక్కి చూడండి. గోరు దిగకపోతే అది రబ్బరు కాదు, చెక్క. స్టీలు రిమ్ము వానలో తడిస్తే కొత్త రబ్బరు కూడా సరిగా పట్టదు. గోడలు బీటలు వారిన టైరు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది గ్యాసు వెల్డింగు. విరిగిన ఫోర్కుకు బజారులో అతుకు వేయించి, ఆకురాయితో సాపు చేసి, పైన రంగు పూసి అమ్ముతున్నారు. ఆ వేడికి పల్చటి గొట్టం అతుకు పక్కనే బలం కోల్పోతుంది, మళ్లీ విరిగేది అక్కడే. 28 అంగుళాల సైకిలుకు కొత్త స్టీలు ఫోర్కు సైకిలు షాపుల్లో ఈనాటికీ దొరుకుతుంది. తాత ఫోర్కు మీద ప్రేమ ఉంటే గోడకు తగిలించుకోండి. వద్దనుకుంటే పాత ఇనుము కొనేవాడికి అలాగే వేయకండి, రంగు పూసుకుని ఇంకొకరి బండికి ఎక్కుతుంది. రంపంతో రెండు ముక్కలు చేసి ఇవ్వండి.