గాలిదారులపై కన్ను: ఏసీ డక్టుల శుభ్రతకు తనిఖీయే తొలిమెట్టు

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ కార్యాలయ సముదాయాలు, బోధనాసుపత్రులు, న్యాయస్థానాలు, సినిమా థియేటర్లు, సాఫ్ట్‌వేర్ సంస్థల భవనాలు నేడు అధిక భాగం కేంద్రీకృత ఎయిర్ కండిషనింగ్‌పై ఆధారపడి పనిచేస్తున్నాయి. ఈ భవనాలలో నేలను ప్రతిదినం తుడుస్తారు. నీటి ట్యాంకులను నిర్ణీత కాలానికి కడుగుతారు. కాని వందలాది మంది పీల్చే గాలిని గదిగదికీ చేరవేసే డక్టులు మాత్రం ఫాల్స్ సీలింగ్ వెనుక కంటికి కనబడకుండా ఉండిపోతాయి. భవనం ప్రారంభమైన నాటినుండి ఒక్కసారి కూడా లోపల చూడని డక్టులు ఉండడం అరుదేమీ కాదు.

ఎప్పుడైనా దుర్వాసన వచ్చినపుడో, అగ్ని ప్రమాదం జరిగినపుడో ఈ విషయం చర్చకు వస్తుంది. వెంటనే మొత్తం డక్టులను శుభ్రపరచాలన్న ప్రతిపాదన సిద్ధమవుతుంది. టెండరు పిలుస్తారు, పని పూర్తయినట్లు నమోదు చేస్తారు, బిల్లు చెల్లిస్తారు. లోపల ఏమున్నదో పనికి ముందుగాని, తరువాతగాని ఎవరూ చూడరు. డక్టు ఎప్పుడు శుభ్రపడినది అన్న ప్రశ్నకన్నా, దాని లోపల చివరిసారిగా ఎవరు, ఎప్పుడు చూచారు, ఏమి నమోదు చేశారు అన్న ప్రశ్నయే ముఖ్యమని దేశ విదేశాల అనుభవాలు తెలియజేస్తున్నాయి.

వ్యవస్థ పనితీరు

గదులనుండి తిరిగి వచ్చిన గాలి, బయటినుండి తీసుకున్న కొంత తాజా గాలితో కలిసి ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్‌లోకి ప్రవేశిస్తుంది. అక్కడ ఫిల్టర్ల గుండా, తరువాత కూలింగ్ కాయిల్ మీదుగా ప్రయాణించి చల్లబడుతుంది. ఫ్యాను ఒత్తిడితో ఆ గాలి జింకు పూత ఉన్న రేకు డక్టుల ద్వారా గదులకు చేరుతుంది. మన దేశంలో అనేక భవనాలలో గాలి తిరిగి వచ్చేందుకు ప్రత్యేక డక్టు ఉండదు. ఫాల్స్ సీలింగ్‌కు, స్లాబుకు మధ్యనున్న ఖాళీ స్థలమే గాలిదారిగా ఉపయోగపడుతుంది. అందువలన తనిఖీ అంటే రేకు గొట్టాల తనిఖీ మాత్రమే కాదు. విద్యుత్ తీగలు, దుమ్ము, పాత నిర్మాణ వ్యర్థాలు పేరుకుని ఉండే ఆ ఖాళీ స్థలం కూడా తనిఖీ పరిధిలోకి రావలసి ఉన్నది.

ఈ వ్యవస్థలో అన్ని భాగాలకు సమానమైన ముప్పు లేదు. రేకుకు అంటుకుని పొడిగా ఉన్న పలుచని దుమ్ము చాలా వరకు అక్కడే ఉండిపోతుంది. అసలు సమస్య తేమతో మొదలవుతుంది. చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి కింది ట్రేలోకి జారుతుంది. ట్రే వాలు సరిగా లేకపోయినా, నీరు పోయే గొట్టం పూడుకుపోయినా ఆ నీరు నిలువ ఉండి బూజుకు, సూక్ష్మజీవులకు ఆశ్రయమవుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాలలో గాలిలో తేమ అధికం కనుక ఈ ముప్పు కూడా అధికం. హైదరాబాద్ వంటి నగరాలలో వేసవి దుమ్ము, నిర్మాణ పనుల దుమ్ము ఫిల్టర్లపై భారం మోపుతాయి. డక్టు లోపలి భాగంలో శబ్దాన్ని తగ్గించేందుకు అతికించిన గ్లాస్ ఫైబర్ పొర తడిసి బూజు పట్టినచో దానిని శుభ్రపరచడం సాధ్యం కాదు. తొలగించి కొత్తది వేయడమే మార్గం.

శాస్త్రం చెబుతున్నదేమి?

డక్టులను శుభ్రపరచినంతనే అనారోగ్యం తొలగిపోతుందన్న ప్రచారానికి శాస్త్రీయ ఆధారం బలహీనం. నివాస గృహాల డక్టులను శుభ్రపరచడం ఆరోగ్య సమస్యలను నివారిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ స్పష్టం చేసింది. డక్టు లోపల బూజు కనబడినపుడు, ఎలుకలో పురుగులో చేరినపుడు, దుమ్ము విపరీతంగా పేరుకుని గదులలోకి రాలుతున్నపుడు మాత్రమే ఆ పని ఆలోచించాలని, ఏటేటా అలవాటుగా చేయించనవసరం లేదని ఆ సంస్థ సూచించింది.

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలులో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి హాజరైన వారిలో న్యుమోనియా వంటి వ్యాధి ప్రబలి సుమారు 30 మంది మరణించారు. మరుసటి సంవత్సరం ఆ వ్యాధికి కారణమైన బ్యాక్టీరియాను గుర్తించారు, దానికి తరువాత లెజియోనెల్లా అని పేరు పెట్టారు. ఇది నీటిలో పెరిగే సూక్ష్మజీవి. కూలింగ్ టవర్ల నీటి తుంపరల ద్వారా గాలిలో కలుస్తుంది. అంటే పొడి డక్టును ఎంత తుడిచినా, కూలింగ్ టవర్ నీటిని, డ్రెయిన్ ట్రేను పట్టించుకోనిచో ఇటువంటి ముప్పు తొలగదు. నిధులు ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించేందుకు ముందుగా తనిఖీ జరగవలసినది ఇందుకే.

2020లో కోవిడ్ వ్యాప్తి సమయంలో కేంద్ర ప్రజా పనుల శాఖ, శీతలీకరణ ఇంజినీర్ల వృత్తి సంఘం ఇష్రే జారీచేసిన మార్గదర్శకాలు సైతం గదులకు తగినంత తాజా గాలి అందించడంపైనే దృష్టి నిలిపాయి. గది ఉష్ణోగ్రత 24 నుండి 30 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 40 నుండి 70 శాతం మధ్య ఉండాలని సూచించాయి. తాజా గాలి ద్వారం మూసుకుపోయిన భవనంలో శుభ్రమైన డక్టు ఉన్నంత మాత్రాన ప్రయోజనం పరిమితమే.

పొగ నడిచే దారి

డక్టుల తనిఖీకి ఆరోగ్యం ఒక కారణం మాత్రమే. ప్రాణాలతో మరింత ప్రత్యక్షంగా ముడిపడిన కారణం అగ్ని ప్రమాదం. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా థియేటర్‌లో కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ వద్ద చెలరేగిన మంటల పొగ మెట్ల గుండా, ఏసీ డక్టుల గుండా ప్రేక్షకుల హాలులోకి చేరింది. 59 మంది మరణించారు. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఢాకురియాలోని ఆమ్రి ఆసుపత్రి బేస్‌మెంట్‌లో అంటుకున్న మంటలనుండి వెలువడిన పొగ ఏసీ డక్టుల ద్వారా పై అంతస్తులకు వ్యాపించి సుమారు 90 మంది మరణానికి దారితీసింది. మృతులలో అత్యధికులు కదలలేని రోగులు. 1980 నవంబర్ 21న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటలు ప్రమాదంలో 85 మంది మరణించగా, వారిలో ఎక్కువ మంది మంటలకు దూరంగా, పై అంతస్తులలో పొగకు ఊపిరాడక మరణించినవారే.

తెలుగు రాష్ట్రాలకు ఈ ముప్పు కొత్తది కాదు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మార్చిన హోటలులో 10 మంది, 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింది భాగంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న హోటలులో 8 మంది మరణించారు. ఈ రెండు ఘటనలను డక్టులకు ఆపాదించడం ఇక్కడి ఉద్దేశం కాదు. కింద పుట్టిన పొగ పైకి పోవుటకు ఏ దారి దొరికినా ఆగదని మాత్రం ఇవి నిరూపించాయి. మెట్లు అందరికీ కనబడే దారి, డక్టు కనబడని దారి.

ఈ దారిని మూసివేసేందుకే ఫైర్ డ్యాంపర్లు ఉన్నాయి. డక్టు ఒక అగ్నినిరోధక గోడనుగాని, అంతస్తునుగాని దాటే చోట వీటిని అమర్చాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నిర్దేశిస్తున్నది. సాధారణ రకంలో సుమారు 70 డిగ్రీల వేడికి ఒక లోహపు లంకె కరిగి డ్యాంపర్ తలుపు మూసుకుంటుంది. మరో రకం పొగను గుర్తించే పరికరం సంకేతంతో పనిచేస్తుంది. తుప్పు పట్టినా, దుమ్ము పేరుకున్నా, మరమ్మతు సమయంలో తలుపును తీగతో కట్టి విప్పడం మరచినా అవి మూసుకోవు. ఈ లోపాలేవీ కంట్రోల్ ప్యానెల్‌పై కనబడవు. డక్టు తెరచి, డ్యాంపర్‌ను ఒకసారి మూసి తెరచి చూచినపుడే బయటపడతాయి.

వంటశాలల పొగ డక్టుల విషయంలో మాత్రం నిర్ణీత కాల తనిఖీ తప్పనిసరి. హోటళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రి క్యాంటీన్ల చిమ్నీ డక్టులలో పేరుకునే నూనె జిడ్డు స్వయంగా ఇంధనమే. అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం కట్టెలు, బొగ్గు వాడే వంటశాలలను నెలకు ఒకసారి, అధిక పరిమాణంలో వంట జరిగే చోట 3 నెలలకు ఒకసారి, మధ్యస్థంగా జరిగే చోట 6 నెలలకు ఒకసారి, తక్కువగా జరిగే చోట ఏటా ఒకసారి తనిఖీ చేయాలి. అక్కడ కూడా నియమం తనిఖీకే కాలపరిమితి విధించింది. జిడ్డు కనబడినపుడు శుభ్రపరచడం దానిని అనుసరించి వస్తుంది.

ఆసుపత్రులలో అదనపు జాగ్రత్త

ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ థియేటర్‌లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి. అందులో 4 మార్పులకు సరిపడా తాజా గాలి ఉండాలి. థియేటర్‌లోకి వచ్చే గాలిని 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం వరకు ఆపగల హెపా ఫిల్టర్ల ద్వారా పంపుతారు. ఇటువంటి చోట అజాగ్రత్తగా చేసిన శుభ్రత, చేయకపోవడంకన్నా ప్రమాదకరం. కదిలించిన దుమ్ములోని ఆస్పర్‌జిల్లస్ బూజు బీజకణాలు ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయవు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారికి, రోగనిరోధక శక్తి క్షీణించినవారికి మాత్రం ప్రాణాంతకం కాగలవు. కనుక ఆ విభాగాన్ని ఖాళీ చేసి, ద్వారాలను మూసివేసి, పని అనంతరం గాలి ఒత్తిడిని, ఫిల్టర్లను పరీక్షించిన తరువాతనే తిరిగి తెరవాలి. దుమ్మును తొలగించకుండా లోపల క్రిమినాశిని పిచికారీ చేయడం శుభ్రత అనిపించుకోదు.

పని నాణ్యతకు కొలమానం

తనిఖీకి మొదటి అవసరం తలుపు. కాయిల్‌కు రెండు వైపులా, ప్రతి ఫైర్ డ్యాంపర్ వద్ద, ప్రధాన మలుపుల వద్ద తెరచి చూడగల మూతలు ఉండాలి. నిర్మాణ దశలో ఇవి స్వల్ప వ్యయంతో అమరుతాయి. తరువాత అమర్చాలంటే సీలింగ్ విప్పి, రేకు కోయవలసి వస్తుంది. తలుపులు ఉన్నచో కెమెరానుగాని, చక్రాల రోబోనుగాని లోపలికి పంపి, ఏ అంతస్తు, ఏ డక్టు, ఎంత దూరం అన్న వివరంతో చిత్రాలు తీయవచ్చు.

శుభ్రపరచవలసి వచ్చినపుడు డక్టును ఒక శక్తిమంతమైన వాక్యూమ్ యంత్రానికి కలిపి, లోపలి గాలి బయటికి లాగబడుతుండగా తిరిగే బ్రష్‌తో దుమ్మును రాల్చాలి. లేనిచో ఆ దుమ్ము గదులలోకే చేరుతుంది. ఫలితాన్ని కొలిచేందుకు అమెరికా డక్టు శుభ్రతా సంస్థల సంఘం నాడ్కా ప్రమాణం ఒకటి ఉన్నది. శుభ్రపరచిన ఉపరితలంపై నిర్దేశిత పద్ధతిలో సేకరించిన దుమ్ము 100 చదరపు సెంటీమీటర్లకు 0.75 మిల్లీగ్రాములు మించరాదు. కార్మికులను డక్టులోకి పాకించడం తగదు. వేలాడే డక్టులు మనిషి బరువును మోసేందుకు నిర్మించినవి కావు. ఫ్యాను విద్యుత్ సరఫరాను నిలిపి, స్విచ్‌కు తాళం వేసిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

గుత్తేదారుకు చదరపు మీటర్ల లెక్కన చెల్లించే పద్ధతిలో, మురికి ఉన్నా లేకున్నా విస్తీర్ణం పెరిగినకొద్దీ బిల్లు పెరుగుతుంది. గోడ కడితే కంటికి కనబడుతుంది, రోడ్డు వేస్తే కొలవవచ్చు. డక్టు లోపలి పనికి చిత్రాలు, కొలతలు తప్ప మరొక సాక్ష్యం లేదు. కావున పనికి ముందు, తరువాత అదే స్థానంలో తీసిన చిత్రాలను ఎం-బుక్ నమోదుకు జతపరచడం, తనిఖీ చేసే సంస్థ వేరుగా, శుభ్రపరచే సంస్థ వేరుగా ఉండేలా చూడడం ప్రజాధనానికి రక్షణ కల్పిస్తాయి.

అడుగవలసిన ప్రశ్నలు

ఏ భవనం విషయంలోనైనా అధికారులు, పాత్రికేయులు ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చు:

1. భవనంలోని డక్టుల, ఫైర్ డ్యాంపర్ల సంఖ్యను, స్థానాలను చూపే నక్షా అందుబాటులో ఉన్నదా?

2. ప్రతి డ్యాంపర్ వద్ద తెరచి చూడగల తలుపు ఉన్నదా? దానిని చివరిసారి మూసి తెరచి పరీక్షించిన తేదీ ఏది?

3. డ్రెయిన్ ట్రేలు, కూలింగ్ టవర్ నీరు, ఫిల్టర్ల తనిఖీ రిజిస్టరు నిర్వహిస్తున్నారా?

4. ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ గదులు పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు నింపే సామాను గదులుగా మారాయా?

5. అగ్ని ప్రమాదమో, వరదనీటి ముంపో, మరమ్మతు పనులో జరిగిన తరువాత ప్రత్యేక తనిఖీ చేయించారా?

6. శుభ్రపరచినట్లు బిల్లు చెల్లించినచో, దానికి ఆధారమైన చిత్రాలు, కొలతలు ఎక్కడ ఉన్నవి?

ప్రభుత్వ భవనాల విషయంలో ఈ ప్రశ్నలకు చట్టబద్ధమైన బలం ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం పత్రాల నకళ్లకే పరిమితం కాలేదు. పనులను స్వయంగా పరిశీలించే హక్కును కూడా పౌరులకు కల్పించింది. డక్టు తనిఖీ రిజిస్టరు ఆ పరిధిలోనిదే. రిజిస్టరు లేదన్న జవాబు వచ్చినచో, ఆ భవనంలో ఇకపై చేయవలసిన తొలి పని ఏమిటో ఆ జవాబే తెలుపుతుంది. శుభ్రతకు నిధులు కోరే ప్రతిపాదనతోపాటు తనిఖీ నివేదికను కూడా జతపరచాలన్న ఒక్క నిబంధన పాటించినా, అనవసర వ్యయం తగ్గుతుంది. మూసుకోని డ్యాంపర్లు ప్రమాదానికి ముందే బయటపడతాయి. ఆసుపత్రి పై అంతస్తులో మంచంపైనుండి కదలలేని రోగికి ఆ నివేదికయే రక్షణ.