'తెలీదు' అనే పిల్లల కోసం

పదో తరగతి పిల్లలున్న ఇళ్ళకి సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఫలానా కాలేజీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఎంతో ఆప్యాయంగా పలకరిస్తారు. మన పిల్ల పేరు, బడి పేరు వాళ్ళకి ముందే తెలుసు. ఎలా తెలిసిందో మాత్రం మనకి తెలీదు. ఇప్పుడు కొంత కడితే ఫీజులో రాయితీ, మార్చి దాటితే లేదంటారు. పిల్ల ఇంకా పరీక్షే రాయలేదు. ఏం చదవాలో అనుకోనూ లేదు. అయినా సీటు ఖాయమైపోతుంది, రైల్లో బెర్తులాగా.

ఇంటర్ బోర్డు ప్రకటన రాకముందే కాలేజీలు చేర్చుకోకూడదన్న నిబంధన మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆ సంగతి ఫోన్ చేసినవాళ్ళు చెప్పరు కదా! అందుకని మనమే గుర్తుంచుకోవాలి. తొందర వాళ్ళది. మనది కాదు.

ఇక ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమ్మా, పది తర్వాత ఏం చేస్తావ్?" కథల్లో అయితే అమ్మాయి తలెత్తి "నేను డాక్టర్ని అవుతాను" అంటుంది. నేనూ అలాంటి అమ్మాయిల గురించి రాశాను. ఇళ్ళల్లో వినిపించే జవాబు మాత్రం "తెలీదు", లేకపోతే "నీ ఇష్టం అమ్మా". దానికి మనకి ఎక్కడలేని కోపం వస్తుంది. ఇంత వయసొచ్చింది, ఇంకా తెలీదా అంటాం.

ఎలా తెలుస్తుంది చెప్పండి? పదిహేనేళ్ళ పిల్ల దగ్గర్నుంచి చూసిన ఉద్యోగాలు ఎన్ని? టీచరు, డాక్టరు, బ్యాంకు, పోలీసు, సాఫ్ట్‌వేరులో ఉన్న బాబాయి. ఆ బాబాయి కూడా పొద్దున్నించి రాత్రిదాకా కంప్యూటర్ ముందు ఏం చేస్తాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. చీర కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతాం మనం. బతుకంతా చేయాల్సిన పనిని చూడకుండానే ఎంచుకోమంటాం.

నాకు తెలిసిన ఒకావిడ కూతురు ఇలాగే తెలీదంది. లెక్కలంటే భయం కాబట్టి, ఆడపిల్లకి డాక్టరు చదువైతే గౌరవం కాబట్టి, ఊరికి దూరంగా హాస్టలున్న కాలేజీలో బైపీసీలో చేర్పించారు. దసరా సెలవులకి వచ్చిన పిల్ల మళ్ళీ వెళ్ళనని మంచం పట్టుకుంది. మానిపిద్దామని వెళితే, టీసీ, పదో తరగతి మెమో కావాలంటే మిగతా ఫీజంతా కట్టమన్నారు కాలేజీవాళ్ళు. తండ్రి రెండు నెలలు తిరిగాడు. ఆ ఏడాది పోయింది. మర్నాడు ఏడాది సొంత ఊళ్ళోనే సీఈసీలో చేరింది. ఇప్పుడు బీకాం చదువుతోంది, హాయిగా ఉంది. "తెలీదని అది నిజమే చెప్పింది వదినా. మేమే ఏదో ఒకటి తెలిసినట్టు చేసేశాం" అంటుంది వాళ్ళమ్మ.

హాస్టల్ నుంచి ఫోన్లో పిల్లలు ఏడిస్తే "నాలుగు రోజులు ఓర్చుకో" అనడం మనకి అలవాటు. కొందరికి ఆ నాలుగు రోజులతో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, తిండి నిద్ర మానేస్తుంటే, వెళ్ళి చూడాలి. టెలీమానస్ వాళ్ళ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఫీజు పోతుందన్న దిగులు తర్వాత పడొచ్చు.

మరి తెలీదన్న పిల్లతో ఏం చేయాలి? నన్నడిగితే, పరీక్షలయ్యాక దొరికే ఆ సెలవుల్ని వాడుకోవాలి. వేసవి శిక్షణ తరగతులంటూ మళ్ళీ పుస్తకాల్లోకి తోసేయకుండా, పని జరిగేచోటికి పంపాలి. మందుల షాపు నడిపే చిన్నాన్న ఉంటాడు. వీధి చివర రక్త పరీక్షల ల్యాబు ఉంటుంది. తెలిసిన ఆడిటర్ గారి ఆఫీసుంటుంది. భూసార పరీక్ష చేసేవాళ్ళు, ఆర్టీసీ డిపో, కోర్టు, అంగన్‌వాడీ, బొటిక్ నడుపుకునే పిన్ని - వీటిలో ఏ రెండుమూడో మనకి అందుబాటులో లేకపోవు. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. రెండ్రోజులు కూర్చుని చూస్తే చాలు. వచ్చాక "నచ్చిందా?" అని అడక్కండి, ఆ ప్రశ్నకి మళ్ళీ "ఏమో" అనే జవాబు వస్తుంది. "అక్కడ వాళ్ళు పొద్దున్నించి ఏం చేశారు? ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి. విసుగు గురించి పిల్లలు భలే నిజాయితీగా చెప్తారు. ల్యాబులో రక్తం చూసి కళ్ళు తిరిగిన పిల్లకి బైపీసీ సంగతి అక్కడే కొంత తెలిసిపోతుంది. ఆడిటర్ ఆఫీసులో టైము తెలీలేదంటే అదీ ఒక జవాబే.

ఇంట్లోనూ చూడొచ్చు. మిక్సీ పాడైతే విప్పి చూసే పిల్ల, పాలవాడి లెక్క, గ్యాసు లెక్క తప్పుల్లేకుండా రాసే పిల్ల, చంటిపిల్లల్ని ఆడించేటప్పుడు అలుపెరగని పిల్ల - ఈ తేడాలు మార్కుల కాగితంలో కనిపించవు. తల్లికి కనిపిస్తాయి. గ్రూపు నిర్ణయించేటప్పుడు మాత్రం ఆవిణ్ణి అడిగేవాళ్ళుండరు.

అప్పటికీ తేలకపోతే, ఏది చదివితే ఏ దారి మూసుకుపోతుందో కాగితం మీద రాసి చూసుకోవడం మంచిది. బైపీసీ తీసుకున్నవాళ్ళకి బీటెక్‌లో చాలా బ్రాంచీలు లేవు. ఎంపీసీ తీసుకున్నవాళ్ళకి మెడిసిన్ లేదు. బీఫార్మసీకి ఇద్దరూ వెళ్ళొచ్చు. అయిదేళ్ళ లా కోర్సుకి, సీఏ ఫౌండేషన్‌కి ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఎంపీసీ చదివి బీకాంలో చేరొచ్చు. సీఈసీ చదివి ఇంజినీరింగ్ చేయలేం. అందుకే తేల్చుకోలేనివాళ్ళని ఎంపీసీలో చేర్చమంటారు చాలామంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లెక్కలు బాగానే చేసే పిల్లకి అది మంచి సలహానే. లెక్కలంటే వణికే పిల్లని దారులన్నీ తెరిచి ఉంటాయని అందులో వేస్తే, ఆ పిల్ల మొదటి ఏడాదే తప్పి ఏ దారిలోనూ నడవకుండా కూర్చుంటుంది.

ఇంటరు ఒక్కటే కాదు కూడా. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో డిప్లొమా ఉంది. చాలా బ్రాంచీలు మూడేళ్ళు. అది అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్ళొచ్చు, లేదా ఉద్యోగం చూసుకోవచ్చు. పది ఫలితాలు రాకముందే దీనికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది, గడువు మాత్రం చూసుకోవాలి. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు - బాసర, నూజివీడు, ఇడుపులపాయ - పది మార్కులతోనే ఆరేళ్ళ చదువుకి తీసుకుంటాయి. గ్రామాల పిల్లలకి అది పెద్ద ఆసరా. ఇంటర్లోనే ఒకేషనల్ గ్రూపులున్నాయి, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ లాంటివి. బ్రిడ్జి కోర్సు పూర్తిచేస్తే వాళ్ళకి పై చదువుల దారీ ఉంటుంది. ఐటీఐ అనగానే మూతి విరిచేవాళ్ళున్నారు. ఏసీ బాగుచేసే కుర్రాడు ఈ వేసవిలో ఎప్పుడు వస్తాడో అని వాళ్ళే వారం రోజులు ఎదురుచూస్తారు!

ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి ఇంకో లెక్క నడుస్తుంది. మగపిల్లాడు తెలీదంటే "ఆలోచిద్దాం" అంటారు. ఆడపిల్ల అంటే "ఊళ్ళో ఉన్న కాలేజీలో ఏదుంటే అది" అంటారు. చిన్న ఊళ్ళల్లో చాలామంది అమ్మాయిల గ్రూపుని నిర్ణయించేది ఇష్టమూ కాదు, మార్కులూ కాదు. సాయంత్రం ఆరింటిలోపు ఇంటికి చేర్చే బస్సు. భయం అర్థంలేనిదని నేననను. కానీ బస్సు కుదరదని చెప్పడానికీ, "నీకు ఈ గ్రూపే సరిపోతుంది" అని చెప్పడానికీ తేడా ఉంది. మొదటిది అయితే కలిసి వెతకొచ్చు. జిల్లా కేంద్రంలో ప్రభుత్వ హాస్టలుందేమో, తోటి అమ్మాయిలు నలుగురు కలిసి వెళ్ళగలరేమో. రెండోది చెప్పాక వెతకడానికేమీ మిగలదు.

డబ్బు సంగతి కూడా పిల్లల దగ్గర దాచక్కర్లేదు. ఏటా ఎంత కట్టగలమో, అప్పు చేయాల్సి వస్తే ఎంతో చెప్పండి. పదిహేనేళ్ళవాళ్ళకి అర్థమవుతుంది. చెప్పకుండా కట్టి, తర్వాత "నీకోసం ఇంత పోశాం" అని రోజూ గుర్తుచేయడంకంటే అది నయం.

చేరిన తర్వాత మొదటి నెల ముఖ్యం. గ్రూపు మారాలనిపిస్తే అడ్మిషన్లు ముగిసేలోపు మారడం తేలిక, ఆ తర్వాత కష్టం. కాబట్టి చేరేముందే కాలేజీలో రెండు ప్రశ్నలు అడగండి. గ్రూపు ఎప్పటిలోగా మార్చుకోవచ్చు? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, సర్టిఫికెట్లు ఎన్నాళ్ళలో ఇస్తారు? జవాబు కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి నసిగే కాలేజీ అయితే, పక్క కాలేజీకి కూడా వెళ్ళి ఇవే ప్రశ్నలు అడగండి. పిల్లని వెంట తీసుకెళ్ళండి, అడిగేది తననే అడగనివ్వండి.