ప్రవాస యూదులు – శాంతి సమస్య

‘యూదుల అభిప్రాయము’ అని పత్రికలు ఏకవచనమున వ్రాయుట పరిపాటి. ఆ ఏకవచనమే సందేహింపదగినది.

2020లో అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ అచటి యూదులను ప్రశ్నించినది. ఇజ్రాయెల్ ప్రభుత్వము శాంతికై చిత్తశుద్ధితో యత్నించుచున్నదని నమ్మినవారు నూటికి 33 మంది. పాలస్తీనా నాయకులను గూర్చి అట్లు నమ్మినవారు 12 మందియే. అయినను రెండు రాజ్యములు ప్రక్కప్రక్కన శాంతితో మనగలవని 63 మంది తలచిరి. నాయకులయందు నమ్మిక లేదు, శాంతియందు ఆశ కలదు! 2023 అక్టోబరులో యుద్ధము చెలరేగుటకు పూర్వపు మాట యిది. దూరముననున్నవారికి సంధియైనను, సమరమైనను పలుకుట సులభము. గురజాలకు సంధిమాట కొనిపోయి ప్రాణము కోల్పోయిన అలరాజు కథ పల్నాటివారికి చెప్పనక్కరలేదు.

అయితే దూరముననున్నవారందరును ఒక్క తీరువారు కారు. నరసరావుపేట నుండి గుంటూరు దాటి పొన్నూరు దారిన పోయినచో చేబ్రోలు, దాని చెంత కొత్తరెడ్డిపాలెము. అచటి బెనె ఎఫ్రాయిమువారు తెలుగు మాటలాడు యూదులు. పెక్కురు మాదిగ కుటుంబములవారు, లోగడ క్రైస్తవులు. 1991లో యూద ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. 1950 నాటి ఇజ్రాయెల్ చట్టము ఏ దేశపు యూదునకైనను అచటికి వచ్చి స్థిరపడు హక్కు నిచ్చినది. కాని ఎవరు యూదులో తేల్చువారు జెరూసలేములోనున్నారు. మణిపూరు, మిజోరాములలోని బెనె మనష్షేవారిని అచటి ప్రధాన మతగురువులలో నొకరగు ష్లోమో అమార్ 2005లో గుర్తించెను. వీరికి అట్టి గుర్తింపు రాలేదు. అందుచే ఇజ్రాయెల్ రాజనీతిని వీరు తమ ఇంటి వ్యవహారముగనే తలచుట సహజము. అమెరికాలో తీసిన ఆ లెక్కలో కొత్తరెడ్డిపాలెమునకు చోటు లేదు.