టీవీ గేమ్ రిమోట్లను గుజిరీకి వేయొద్దు

అరసికెరె ఇంట్లో అటక సర్దుతూ ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని మనవాళ్లు జాబితా రాస్తున్నారు. రాగి బిందెలు, అవ్వ కవ్వం, జాతకాల కట్ట, భూమి కాగితాల మీద ఎవరికీ పేచీ లేదు. అట్టపెట్టెలోని టీవీ గేమ్, దాని రెండు రిమోట్లు మాత్రం "ప్లాస్టిక్ చెత్త" వరుసలో చేరినాయి. నేను ఒప్పుకోను. శెనక్కాయలు అమ్మిన డబ్బుతో నాయన హిందూపురం నుంచి తెచ్చిన వస్తువు అది. బిందెకు ఉన్న హక్కు దానికీ ఉంది.

అయితే బిందె మూలన పడున్నా బిందెలాగే ఉంటుంది. రిమోట్ అట్లా కాదు, పనిచేస్తేనే రిమోట్. గాజు బీరువాలో పెట్టి చూసుకునేది కాదు. కంప్యూటర్‌కి తగిలించి పిల్లోళ్ల చేతికివ్వాలి, ఆ అడాప్టర్ ఇంట్లోనే చేసుకోవాలి అన్నది నా వాదన.

చేయడం ఎంత కష్టమంటే, చెప్పడం కన్నా తక్కువ. ఆ రిమోట్లో ఎనిమిది బటన్లు ఉన్నా పనిచేసే వైర్లు అయిదే: 5 వోల్టుల కరెంటు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. లోపల ఒక చిప్పు ఉంటుంది. బళ్లో అయ్యవారు హాజరు పిలిచినట్టే దాని పని. లాచ్ మీద ఒక్క సంకేతం పోతే ఆ క్షణాన ఏ బటన్ నొక్కి ఉందో చిప్పు పట్టేసుకుంటుంది. క్లాక్ కొట్టే కొద్దీ ఒక్కొక్కటిగా ఒప్పజెబుతుంది, ముందు ఎ, తర్వాత బి, సెలెక్ట్, స్టార్ట్, ఆపైన పైకి, కిందికి, ఎడమ, కుడి. నొక్కి ఉంటే డేటా వైరు సున్నా వోల్టులకు దిగుతుంది. సెకనుకు 60 సార్లు ఇదే హాజరు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్ పద్ధతి ఇది. మన ఊళ్లకు వచ్చినవి దాని నకళ్లే.

పాత కంప్యూటర్లకు వెనక ప్రింటర్ తగిలించే 25 పిన్నుల పోర్టు ఉండేది. విండోస్ 98 కాలంలో ఎర్ల్ ఫిల్‌హోవర్ అనే ఆయన రాసిన డైరెక్ట్‌ప్యాడ్ ప్రో డ్రైవర్ వేసుకుని, ఇట్లాంటి రిమోట్లను ఆ పోర్టుకే నేరుగా అతికించుకునేవాళ్లు. లినక్స్‌లో గేమ్‌కాన్ డ్రైవర్ అదే పని చేస్తుంది. ఆ పోర్టులో విడిగా కరెంటు పిన్ను లేదు. అందుకని వాడకంలో లేని డేటా పిన్నుల నుంచే డయోడ్ల గుండా నాలుగు చుక్కలు కరెంటు పిండుకునేవాళ్లు. బోరు మోటారు స్టార్టర్‌లో రిలే చెడితే మెకానిక్ కోసం చూడకుండా తామే మార్చుకునే మనవాళ్లకు ఈ తెలివి కొత్తేం కాదు.

ఇప్పుడు ఆ పోర్టే లేదు, యూఎస్‌బీ కావాలి. ఆర్డునో లియొనార్డో మాదిరి చిన్న బోర్డు చాలు. దాని చిప్పు తానే యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌నని కంప్యూటర్‌కి చెప్పుకోగలదు. పాత ఊనో బోర్డుకు ఆ సౌకర్యం లేదు, కొనేటప్పుడు చూసుకోండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో బోర్డూ దొరుకుతుంది, సాకెట్టూ దొరుకుతుంది.

"ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌ది తెప్పిస్తే పోదా?" అని బావ అడిగినాడు. అవి ఎక్కువగా అసలు కంపెనీ ప్లగ్గులకు చేసినవి. మనదానికి 9 పిన్నుల ప్లగ్గు, పైగా వైర్ల రంగులు తయారుచేసినవాడి ఇష్టం. మల్టీమీటర్ పెట్టి ఏది ఏదో మనమే తేల్చుకోవాల. ఒక హెచ్చరిక కూడా. ఆ ప్లగ్గు పాత కంప్యూటర్ సీరియల్ పోర్టుకు చక్కగా పడుతుంది, కానీ అక్కడ మైనస్ 12 వోల్టుల దాకా ఉండొచ్చు. పడింది కదా అని దూర్చితే లోపలి చిప్పు పోతుంది.

తుపాకీని మాత్రం నేను వెనకేసుకు రాను. అది పాత పిక్చర్ ట్యూబు వెలుగును చూసి గురి లెక్కపెట్టేది. ఎల్‌సీడీ తెర ముందు గుడ్డిదే.

ఆట కోసం ఇంత తంటా ఎందుకని చిన్నాయన అంటాడు. ఆట కోసమే అయితే నేనూ అడగను. బెంగళూరులో పెరిగే మన పిల్లోళ్లు ఇంట్లో ఏ వస్తువునూ విప్పి చూడలేదు. చెడితే కొత్తది వస్తుంది, అంతే. పట్టకారు, టంకం, మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లం ఇప్పుడు నలభై, యాభై దాటినాం. ఆ పని ఏ జాబితాలోనూ రాసిపెట్టడానికి కుదరదు, పక్కన కూర్చోబెట్టుకుని చేయించాల్సిందే. అందుకు కవ్వం పనికిరాదు, ఈ రిమోట్ పనికొస్తుంది.

కాబట్టి పెట్టె సర్దేవాళ్లకు ఒక్క మాట: వైర్లు చుట్టే ఓపిక లేక కత్తిరించొద్దు, ప్లగ్గు తీసేయొద్దు. ఉగాదికి అందరం చేరేటప్పుడు బోర్డు నేను తెస్తా, టంకం పెట్టేది మాత్రం పిల్లోళ్లే.