వేదికకు కావలసింది వేగం కాదు, నిలకడ
గత ఉగాది సభలో ఒక చిన్నారి వర్ణం పాడుతుండగా, శ్రుతినిచ్చే ల్యాప్‌టాప్ అప్‌డేట్‌కు పూనుకొని మూగబోయింది. శ్రుతి లేకుండానే ఆమె పూర్తి చేసింది. తలలు దించుకున్నది నిర్వాహకులమైన మేము.

మరొక ఖరీదైన ల్యాప్‌టాప్ కన్నా, 19 అంగుళాల ర్యాకులో బిగించే కంప్యూటరును మనమే కూర్చుకోవడం మేలని నా అభిప్రాయం. పెట్టె 4 యూనిట్లది, అనగా 7 అంగుళాల ఎత్తుది కావాలి. 1 యూనిట్ పెట్టెలో 40 మిల్లీమీటర్ల ఫ్యానులే పడతాయి. వాటి రొద తంబూరా నాదాన్ని మింగివేస్తుంది. 4 యూనిట్లలో 120 మిల్లీమీటర్ల ఫ్యాను నింపాదిగా తిరిగినా చాలినంత గాలి ఆడుతుంది.

ప్రాసెసరు వేగానికై అతిగా వెచ్చించనక్కరలేదు. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 256 నమూనాల బఫరు వలన కలిగే జాప్యం 5.3 మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలో ధ్వని రెండు మీటర్లైనా సాగదు.

ఇంటర్నెట్ మాత్రం ముందుగానే తొలగించాలి. సభకు ముందు మూడు గంటలు ఆపకుండా నడిపి చూడాలి. మావాళ్ళు దీనికే ఒప్పుకోవడం లేదు, భోజనాల ఏర్పాట్లున్నాయట!